ప్రామాణిక మూర్ఛ

పూలలంక మున్సిపాలిటీలో పని ఆగిపోయిందని ఊళ్ళో కొందరు చెప్పుకున్నారు. అది గిట్టనివాళ్ళ మాట. పని ఆగలేదు. ఆఫీసులో ఉన్న పనంతా ఒక్కో బల్ల మీంచీ లేచి వెళ్ళి సీనియర్ అసిస్టెంటు ఆదిమూర్తి బల్ల మీద కూర్చుంది, అంతే. అలా ఎందుకు కూర్చుందో తెలియాలంటే ముందు కమిషనర్ గారి కుక్క గురించి చెప్పుకోవాలి.

కుక్క పేరు టైగర్. తెల్ల బొచ్చు పొమరేనియన్. కమిషనర్ దివాకరం గారు దాన్ని సొంత బిడ్డలా పెంచుకుంటున్నారు. ఆదివారం నాడు పెరట్లో ఎర్ర బకెట్టుతో నీళ్ళూ, పక్కన సబ్బూ పెట్టారంటే చాలు, టైగర్ ముందు బిగుసుకుపోతుంది. తర్వాత ఒక్క చుట్టు తిరిగి, పక్కకి ఒరిగి, నాలుగు కాళ్ళూ పైకెత్తి, నాలుక ఎడమ పక్కకి వేలాడేసి పడిపోతుంది. బకెట్టు లోపలికి పట్టుకెళ్ళేదాకా లేవదు. పశువుల డాక్టరు వచ్చి చూసి, జబ్బేమీ లేదు, దానికి స్నానం ఇష్టం లేదు అన్నాడు. దివాకరం గారికి ఆ మాట మొరటుగా తోచింది.

"ఇష్టాయిష్టాలు మనసుకి సంబంధించినవి డాక్టరు గారూ. ఇక్కడ శరీరమే తిరస్కరిస్తోంది. తేడా గమనించాలి మీరు," అన్నారాయన.

సరిగ్గా ఆ వారంలోనే ఆయన హైదరాబాదులో ఉద్యోగుల శ్రేయస్సు మీద పెట్టిన శిక్షణకి వెళ్ళారు. అక్కడ ఖద్దరు కుర్తా వేసుకున్న ఒకాయన అందరి చేతా కళ్ళు మూయించి, "శరీరం అబద్ధం చెప్పదు," అని చాలాసేపు మౌనంగా ఉన్నాడు. భోజనాలు బాగుండడం వల్ల ఆ మాటని మిగతా అధికారులందరూ అక్కడే మర్చిపోయారు. దివాకరం గారికి మాత్రం తిరుగు రైల్లో ఆ మాటా, టైగర్ ఎత్తిన నాలుగు కాళ్ళూ ఒక్కచోట కలిశాయి. తెల్లారి ఉత్తర్వు వెలువడింది.

"విషయము: సిబ్బంది దేహవాణిని గౌరవించుట గురించి. ఏ ఉద్యోగికైనను తనకు అప్పగించిన పనిని చూచిన తక్షణము చెమట, వణుకు, ఎక్కిళ్ళు, స్పృహ తప్పుట మొదలగు స్పందనలు కలిగినచో, సదరు స్పందనను దేహము యొక్క విన్నపముగా పరిగణించి, సదరు ఉద్యోగిని సదరు పని నుండి మినహాయించవలెను. సదరు పనిని స్పందన కలుగని ఉద్యోగికి బదలాయించవలెను."

చివరి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఉత్తర్వు టైపు చేసింది ఆదిమూర్తే. అతనూ పట్టించుకోలేదు.

మొదట స్పందించినవాడు మేనేజరు పేర్రాజు. ఆడిట్ అభ్యంతరాల కట్ట బల్ల మీద పెట్టగానే, నెత్తిన ఫ్యాను తిరుగుతుండగా, ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. కట్ట ఆదిమూర్తి బల్ల మీదికి వెళ్ళింది. మర్నాడు టపా చూసే కుసుమకుమారికి కవర్లు కత్తిరించబోతే ఆగని తుమ్ములు పట్టుకున్నాయి. టపా కూడా అటే వెళ్ళింది. ఇంజనీరు గారికి మురుగుకాలవ దగ్గర మెడ పట్టేసి తల కిందికి దిగలేదు. ఆకాశం వంక చూస్తూ కాలవని తనిఖీ చెయ్యడం కుదరదు కాబట్టి కాలవలు కూడా ఆదిమూర్తికే వచ్చాయి. జనన మరణాల గుమస్తాకి జననాలంటే కళ్ళు తిరిగేవి, మరణాలంటే కడుపులో దేవేది. రెండూ ఇటే వచ్చాయి.

ఆదిమూర్తి ఒళ్ళు మొదట్నించీ నోరు లేనిది. బస్సులో నిలబెడితే నిలబడేది. చల్లారిన అన్నం పెడితే తినేది. పాతికేళ్ళ సర్వీసులో ఒక్కనాడు కూడా దానికి తలనొప్పన్నా వచ్చిన పాపాన పోలేదు. అలాంటివాళ్ళ కోసం ఆఫీసు ఒక మాట తయారుచేసింది, 'దేహమౌని' అని. ఆ విభాగంలో ఉన్నది అతనొక్కడే.

"మీ దేహం మౌనంగా ఉందంటే సంతోషంగా ఉందని అర్థం ఆదిమూర్తి గారూ. ఈ మున్సిపాలిటీకి మీరు ఒక వరం," అన్నారు దివాకరం గారు, కట్టల మధ్య అతని మొహం ఎక్కడుందో వెతుక్కుంటూ.

"ఆయ్, అలాగేనండి," అంది కట్టల వెనకనించి ఒక గొంతు.

ఆదిమూర్తికి కావలసింది వరాలు కాదు, పదిరోజుల సెలవు.

అతని భార్య మాణిక్యం ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసింది. ఆవిడ విజిలు ఊదితే స్కూల్లో పిల్లలే కాదు, రోడ్డు మీద సైకిళ్ళూ ఆగేవి. ఇప్పుడావిడ వంటింట్లోంచి వసారాలోకి రావాలంటే గోడ పట్టుకుని రావాలి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కాకినాడలో ఆపరేషనుకి రోజు పెట్టారు, పక్కన ఉండడానికి ఒక మనిషి కావాలన్నారు. పిల్లలు లేరు, పక్కన ఉండాల్సింది ఆదిమూర్తే. అతనికి సెలవు దొరకలేదని ఒకసారి వాయిదా వేశారు, రెండోసారీ వేశారు. ఈసారి పెట్టిన సోమవారం రాకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్ళు చెప్పేశారు. మాణిక్యం ఏమీ అనలేదు. అదే ఆదిమూర్తిని భయపెట్టింది. ఆవిడ ఏమీ అనకుండా ఉన్న రోజులు అతనికి ఎక్కువ తెలియవు.

ఇక ఆఫీసులో స్పందనలు ఎక్కువయ్యేసరికి దివాకరం గారికి ఒక చిన్న అనుమానం కలిగింది. హాజరు పట్టీ చూసి స్పృహ తప్పిన ఒక గుమస్తా, పడబోయే చోట ముందుగానే తువ్వాలు పరుచుకుని పడ్డాడు. దాంతో దేహవాణి నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు కమిషనర్, సభ్యులు మేనేజరు పేర్రాజు, ఆరోగ్యాధికారిణి డాక్టర్ సుమిత్ర.

"కొలవాలంటే గజంబద్ద ఉండాలి," అన్నారు దివాకరం గారు మొదటి సమావేశంలో. "నటన ఎరగని, జీతం ఎరగని, కల్మషం లేని దేహం ఒకటి ప్రమాణంగా కావాలి. అటువంటి దేహం నా ఎరుకలో ఒక్కటే ఉంది."

అలా టైగర్ ప్రామాణిక జంతువు అయింది. రోజూ పదకొండు గంటలకి జీపులో కౌన్సిల్ హాలుకి వచ్చేది. దానికి బకెట్టు చూపించేవారు. అది పడేది. అది పడిన తీరు చూసుకుని, పక్కనే ఉద్యోగికి అతని పని చూపించి, అతను పడే తీరు పోల్చి చూసేవారు.

మొదటిరోజు తివాచీ తడుస్తుందని బంట్రోతు ఖాళీ బకెట్టు తెచ్చాడు. టైగర్ దాంట్లో తల పెట్టి వాసన చూసి, తోక ఊపుకుంటూ వెళ్ళి కుర్చీ కింద పడుకుంది. సంఘం దీన్ని తీవ్రంగా పరిగణించి నిబంధన చేసింది. "పరీక్షా సామగ్రి అన్ని విధములా అసలైనదై ఉండవలెను. నకిలీ సామగ్రి చూపి దేహమును వంచించరాదు." అప్పట్నించి బకెట్టులో నీళ్ళు పోశారు. ఇంజనీరు గారి పరీక్షకి మురుగుకాలవలోంచి ఒక తొట్టెడు మురుగు తెచ్చి తివాచీ మీద పెట్టారు.

రెండో నిబంధన నాలుక గురించి. టైగర్ నాలుక ఎడమకి వాలుతుంది కాబట్టి ఎడమకి వాలినది నిజమైన స్పందన అని తేల్చారు. కుడికి వాలినవాళ్ళకి సగం పని మినహాయించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రికార్డు గదిలోంచి దబ్బుదబ్బుమని చప్పుళ్ళు వినిపించేవి. తలుపు సందులోంచి పేర్రాజు గొంతు కూడా వినిపించేది. "ఎడమ అంటే వాచీ పెట్టుకునే వైపు, కుమారీ. ఇంకోసారి పడు."

పని మీద వచ్చిన జనం కూడా అలవాటు పడ్డారు. పూలలంకలో మనిషి పడిపోతే చేతిలో ఇనప ముక్కో, తాళాలగుత్తో పెట్టడం తాతలనాటి ఆనవాయితీ. ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు. ఆఫీసుకి వచ్చేవాళ్ళు దరఖాస్తుతో పాటు తాళాలగుత్తి తెచ్చుకునేవారు. గుమస్తా పడగానే గుత్తి చేతిలో పెట్టి, దరఖాస్తుతో మొహానికి విసిరి, లేచాక మర్యాదగా రేపు వస్తామని చెప్పి వెళ్ళేవారు. ఎదురు కొట్టు సాంబయ్య సోడాల పక్కన పాత తాళాలగుత్తులు వేలాడదీశాడు. తాళం అవసరం లేకుండా తాళంచెవులు అమ్ముడుపోవడం అతను పుట్టాక అదే చూడటం.

ఈ సందట్లో ఆదిమూర్తి సెలవు దరఖాస్తు రాశాడు. సెలవుల గుమస్తాకి సెలవు కాగితాలు చూస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నందున ఆ విభాగమూ అతని దగ్గరే ఉంది. తన దరఖాస్తుని తానే తీసుకుని, తానే నంబరు వేసి, సిఫార్సు రాసి, సంతకానికి పేర్రాజు ముందు పెట్టాడు.

పేర్రాజు కాగితం చదివాడు. ఆదిమూర్తి పదిరోజులు ఉండడు. అంటే ఆడిట్ కట్ట మళ్ళీ ఇక్కడికి వస్తుంది. టపా వస్తుంది. కాలవలు వస్తాయి. పేర్రాజు మొహంలో నెత్తురుచుక్క లేదు. పెదాలు ఎండిపోయాయి. చేతిలో పెన్ను జారి కింద పడింది, ఆ వెనకే ఆయన పడ్డాడు. కింద తువ్వాలేమీ పరిచి లేదు.

వెంటనే సంఘం కూర్చుంది. పేర్రాజుకి ఆ కాగితం మళ్ళీ చూపించారు. మళ్ళీ పడ్డాడు. అప్పటికే బకెట్టు ముందు పడి ఉన్న టైగర్ ఒక కన్ను తెరిచి అతని వంక చూసింది.

డాక్టర్ సుమిత్ర నాడి చూసింది. "ఇంత నిఖార్సయిన కేసు ఇంతవరకూ మన దగ్గరికి రాలేదు సార్. ఇది నిజం," అంది. ఆవిడ గొంతులో కొంచెం ఆశ్చర్యం ఉంది. ఆ 'నిజం' అన్న మాటకి మిగతా కేసుల మాటేమిటని ఎవరూ అడగలేదు.

దివాకరం గారు కాగితం తీసుకుని, తానే నిర్ణయిద్దామని కళ్ళు మూసుకుని, ఆదిమూర్తి లేని ఆఫీసుని ఊహించుకున్నారు. ఒక ఎక్కిలి వచ్చింది. కళ్ళు తెరిచి ఆజ్ఞ రాయించారు. "సదరు సెలవు కాగితము అధికారుల దేహములకు ప్రమాదకరముగా ఉన్నందున, ఇకమీదట ఏ అధికారి ఎదుటనూ ఉంచరాదు."

ఆ సాయంత్రం ఆదిమూర్తి ఇంటికొచ్చేసరికి మాణిక్యం వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. జరిగింది చెప్పాడు.

"అందరూ పడుతున్నారు కదా, మీరూ ఓసారి పడిపోకూడదూ?" అంది ఆవిడ. "మీరు పడితే పనంతా తగ్గుతుంది. పని తగ్గితే సెలవిస్తారు."

"నాకు రాదు మాణిక్యం."

"రాకపోవడానికి ఏముందండీ, పడడమేగా. నేను నేర్పుతాను. పదో క్లాసు పిల్లలకి పల్టీలు నేర్పినదాన్ని."

చాప వేయించింది. ఆడిట్ కట్టకి బదులుగా దిండు పెట్టింది. విజిలు వెతికి తెచ్చి ఊదింది. ఆదిమూర్తి దిండు వంక చూశాడు. కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టాడు. పంచె సర్దుకున్నాడు. ఒక మోకాలు ఆన్చి, రెండోది ఆన్చి, చెయ్యి ఆసరా చేసుకుని, పడుకున్నాడు.

"అది పడడం కాదండీ, పక్కెయ్యడం," అంది మాణిక్యం. మళ్ళీ ఊదింది. ఈసారి అతను పడబోతూ చాప అంచు మడతపడిందని ఆగి సరిచేసి పడ్డాడు. మాణిక్యం నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళయిందోనని ఆదిమూర్తి చాప మీదే పడుకుని వింటూ ఉండిపోయాడు. ఈ మనిషికి రెండు మోకాళ్ళు బాగుచేయించలేకపోతున్నానే అనుకున్నాడు. గొంతు పట్టేసింది, కానీ దాన్ని స్పందన కింద లెక్కవేయరు.

మర్నాడు సంఘం ముందు పడ్డాడు. పడేముందు అలవాటు కొద్దీ పెన్నుకి మూత పెట్టాడు. సంఘం తోసిపుచ్చింది. "పెన్నుకు మూత పెట్టి పడుట దేహవాణి లక్షణము కాదు. సదరు ఉద్యోగి దేహమౌనిగా కొనసాగవలెను."

ఇలా ఉండగా టైగర్ కంపు కొట్టసాగింది. రోజూ బకెట్టు చూడడమే తప్ప ఒక్క చెంబెడు నీళ్ళు దాని మీద పడి నెలలైంది. తెల్ల బొచ్చు బూడిదరంగుకి తిరిగింది. కమిషనర్ గారి భార్య, కుక్క ఇంట్లో ఉండాలో తను ఉండాలో తేల్చమంది. దివాకరం గారు కుక్కకి స్నానం చేయించే పనిని సిబ్బంది ముందు పెట్టారు. సిబ్బంది యావత్తూ వరసగా పడిపోయారు. నిలబడి మిగిలింది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఆదిమూర్తి పంపు దగ్గరికి టైగర్‌ని తీసుకెళ్ళాడు. బకెట్టు చూసి అది పడిపోయింది. అతను దాని పక్కన గొంతుక్కూర్చుని, పడినదాన్ని లేపే ఓపిక తనకి లేదు కాబట్టి, పడుకున్న కుక్కకి పడుకున్నట్టే సబ్బు రుద్దాడు. ఎండలు మండిపోతున్న రోజులు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కాసేపటికి టైగర్ ఒక కాలు దించింది. తర్వాత ఇంకోటి. నాలుక లోపల పెట్టుకుంది. చివరి చెంబు పోసేసరికి లేచి, ఒళ్ళు దులపరించి ఆదిమూర్తిని నిలువునా తడిపేసి, బకెట్టులోకి దూకి కూర్చుంది. దాన్ని బయటికి తియ్యడం కష్టమైంది.

ఆపరేషను సోమవారం అనగా, ఆ ముందు శుక్రవారం పదకొండు గంటలకి కౌన్సిల్ హాల్లో బకెట్టు పెట్టారు. టైగర్ దాన్ని చూసి సంతోషంగా మొరిగి, పరుగెత్తుకెళ్ళి దూకి కూర్చుంది. తర్వాత పడాల్సిన జననాల గుమస్తా, పడాలో అక్కర్లేదో తెలియక సగం వంగి అలాగే ఆగిపోయాడు.

"ప్రమాణం పోయింది," అన్నారు దివాకరం గారు పాలిపోయిన మొహంతో. "ఎవరు చేశారిది?"

"నేనేనండి. మీరే చెయ్యమన్నారండి," అన్నాడు ఆదిమూర్తి.

"అది పడిపోలేదా?"

"పడిపోయిందండి. పడ్డాక రుద్దడం సులువైందండి."

డాక్టర్ సుమిత్ర కళ్ళు దించుకుంది. పేర్రాజు చెవులు మూసుకున్నాడు. దివాకరం గారు లేచి నిలబడ్డారు.

"ఒక దేహం నాలుగు కాళ్ళూ ఎత్తి వేడుకుంటుంటే మీరు సబ్బు రుద్దారా? మీ దేహం మూగదైతే లోకంలో దేహాలన్నీ మూగవనుకున్నారా? ఆదిమూర్తి గారూ, మీ చేత పని చేయించుకోవడం ఈ సంస్థకి సిగ్గుచేటు. పదిరోజులు మీకు నిర్బంధ సెలవు. సోమవారం నుంచి ఈ గడప తొక్కడానికి వీల్లేదు."

ఆదిమూర్తి ఆ మాట విన్నాడు. పదిరోజులు, సోమవారం నుంచి. మాణిక్యం చేతిలో సంచీ, ఆసుపత్రి వరండా, గోడ పట్టుకోకుండా నడిచి వస్తున్న మనిషి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. పొద్దున్నించీ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. నిన్న కూడా తిన్నట్టు లేదు. నెలల తరబడి ఆడిట్ కట్టలూ, కాలవలూ, జననాలూ, మరణాలూ మోసిన ఒళ్ళు, ఇంక మొయ్యక్కర్లేదని తెలిసిన క్షణాన, తొలిసారి నోరు విప్పింది. అతను బిగుసుకుపోయాడు. ఒక్క చుట్టు తిరిగాడు. పెన్నుకి మూత పెట్టలేదు. నిలువునా వెనక్కి పడ్డాడు. నాలుక ఎడమ పక్కకి వాలింది.

టైగర్ బకెట్టులోంచి లేచి నిలబడి చూసింది.

డాక్టర్ సుమిత్ర పరుగెత్తి నాడి పట్టుకుంది. ఎవరో తాళాలగుత్తి పెట్టారు. "స్వచ్ఛమైనది సార్," అంది ఆవిడ మెల్లగా. "టైగర్ కన్నా స్వచ్ఛం."

దివాకరం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత పొరపాటు చేశాం. మౌనంగా ఉన్నాడనుకున్నాం. ఈయన దేహం భరించలేని పని ఒకటుందని గ్రహించలేకపోయాం. సెలవు, సుమిత్రగారూ. ఈయన సెలవుకి భయపడుతున్నాడు."

ఆదిమూర్తికి తెలివొచ్చేసరికి ఉత్తర్వు తయారుగా ఉంది, టైపు చెయ్యడానికి అతని కోసమే చూస్తున్నారు. నిర్బంధ సెలవు రద్దు. "శ్రీ ఆదిమూర్తి గారి దేహము సెలవును తిరస్కరించినందున, వారిని ఇకపై సెలవు నుండి శాశ్వతముగా మినహాయించడమైనది. మరియు, టైగర్ స్థానములో వారిని ప్రామాణికముగా నియమించడమైనది. సోమవారము నుండి ప్రతిదినము పదకొండు గంటలకు వారికి సెలవు మంజూరు పత్రమును చూపవలెను."

"సార్, నాకు సెలవు కావాలండి. మా ఆవిడ..." అన్నాడు ఆదిమూర్తి.

"నోరు ఎన్నైనా అంటుంది," అన్నారు దివాకరం గారు, అతని భుజం మీద చెయ్యి వేసి. "దేహం చెప్పేసింది."

టైపు చేశాడు. ఇంటికి వెళ్ళి మాణిక్యానికి చెప్పాడు. ఆవిడ చేత్తో మోకాళ్ళు నిమురుకుంటూ కూర్చుంది.

"మీ ఒళ్ళు ఒక్కసారి పడితే అంతమంది పెద్దమనుషులు చుట్టూ నిలబడి విన్నారా?" అంది చివరికి. "నా మోకాళ్ళు రెండేళ్ళ నుంచీ మెట్టుమెట్టుకీ చెబుతూనే ఉన్నాయండీ. ఒక్కరికీ వినపడలేదు."

ఆదిమూర్తి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మాణిక్యం అతన్ని కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత డ్రిల్లు టీచరు గొంతుతో అడిగింది. "సోమవారం చూపించే ఆ కాగితం మీద సంతకం ఎవరు పెడతారు?"

"కమిషనర్ గారే."

"సంతకం పెట్టడానికి ఆయనకి వణుకు రాదూ?"

"అది సెలవు కాదుగా, పరీక్షా సామగ్రి. దానికెవరికీ వణుకు రాదు."

"ముద్రా, తేదీ?"

"అన్నీ ఉండాలి. నకిలీది చూపించకూడదని నిబంధన. నేనే టైపు చేశాను."

మాణిక్యం గోడ పట్టుకుని లేచింది. "పైన అటక మీద నా సంచీ ఉంది. దింపండి," అంది.

సోమవారం పదకొండు గంటలకి కౌన్సిల్ హాలు కిటకిటలాడింది. కొత్త ప్రమాణాన్ని చూడ్డానికి సిబ్బంది అంతా వచ్చారు. ఉద్యోగం పోయిన టైగర్ కూడా చల్లగా ఉంటుందని బకెట్టులో కూర్చునుంది. ఆదిమూర్తి పడబోయే చోట దివాకరం గారే స్వయంగా కుర్చీలు జరిపించారు. తర్వాత పత్రం తెప్పించి, ఆదిమూర్తి పేరూ, పదిరోజులూ, ఆనాటి తేదీ సరిచూసి, నిండు సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేయించి, రెండు చేతులా అతనికి అందించారు.

"సంకోచించకండి. మీ దేహాన్ని మాట్లాడనివ్వండి," అన్నారు.

ఆదిమూర్తి పత్రం అందుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా చదివాడు. పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"వెళ్ళొస్తానండి," అన్నాడు.

తలుపు వైపు నడిచాడు. అతను ఏం చేస్తున్నాడో ముందు అర్థమైంది పేర్రాజుకి. వెనక ధబ్బుమని చప్పుడు విన్నాడు ఆదిమూర్తి. తర్వాత ఇంకోటి. కుసుమకుమారి కావచ్చు. ఆ తర్వాత లెక్క తెలియలేదు. ఆఖర్న ఒక బరువైన చప్పుడు, దానితో పాటు అధ్యక్షుడి కుర్చీ తిరగబడ్డ మోత వినిపించాయి. "సార్, సార్," అంటోంది డాక్టర్ సుమిత్ర. తర్వాత ఆవిడ గొంతు కూడా ఆగిపోయింది. గుమ్మం దగ్గర నేల మీద ఏవో కాగితాలు చెల్లాచెదరుగా పడున్నాయి. వంగి తియ్యాలని ఆదిమూర్తి చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది. వెనక్కి లాక్కున్నాడు.

వరండాలో వరసలో ఉన్న జనం తాళాలగుత్తులు పట్టుకుని లోపలికి పరుగెత్తారు.

గేటు బయట ఆటో ఆగి ఉంది. లోపల మాణిక్యం, ఒళ్ళో సంచీ, మెళ్ళో విజిలు. ఆదిమూర్తి పక్కన ఎక్కి కూర్చుని, జేబులోంచి కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"పడ్డారా?" అని అడిగింది.

"నేను పడలేదు. మిగతావాళ్ళు పడ్డారు."

"పాపం," అంది మాణిక్యం. "నిజంగానే పడ్డారా? నాలుకలు ఎటున్నాయి?"

"నేను వెనక్కి తిరిగి చూళ్ళేదు," అన్నాడు ఆదిమూర్తి.

ఆవిడ అతని వంక ఒకసారి చూసి, విజిలు ఊదింది. ఆటో కాకినాడ రోడ్డెక్కింది.